నొప్పి లేని వానాకాలం

నా మెడ ఎడమకు తిరుగుతుంది. నేను తిప్పను, అదే తిరుగుతుంది. ఎదురుగా ఉన్న మనిషితో మాట్లాడుతూ ఉంటానా, గడ్డం మెల్లగా భుజం వైపు పోతుంది. మాట మనిషితో, చూపు గోడతో. చేత్తో పట్టి లాగి నిలబెడితే వణుకుతుంది. వదిలితే మళ్ళీ పోతుంది. అన్నం ముద్ద నోటిదాకా తెచ్చేసరికి నోరు అక్కడ ఉండదు.

తిరగడం ఒక్కటే అయితే నేను ఇంత చెప్పను. మెల్లకన్నుతో, వంకర కాలితో బతికేవాళ్ళు లేరా. నొప్పి సంగతి వేరు. చెవి వెనక నుంచి భుజం దాకా ఒక నరం, పడవను గుంజకు కట్టిన మోకులాగా బిగిసి ఉంటుంది. ఆటు వచ్చినా పోటు వచ్చినా ఆ మోకు వదులు కాదు. ఆ నొప్పి పోవాలని నేను నెల్లూరు పోయి, ఇంకా అంగళ్ళకు రాని మందు మింగాను. నొప్పి పోయింది. ఒక వానాకాలమంతా లేదు. తరవాత ఆ మందు నాకు ఎట్లా కాకుండా పోయిందో అది చెప్పాలి.

మా ఆయన రొయ్యల గుంటల దగ్గర కాపలా మనిషి. గుంటలో నీళ్ళను చిలికే మిషన్లు ఉంటాయి, ఏరేటర్లు అంటారు. అవి ఆగితే రొయ్యలకు గాలి అందదు, తెల్లారేసరికి తెల్లగా తేలతాయి. అందుకని ఆయన చెవి ఎప్పుడూ ఆ చప్పుడు మీదే. వానలో ఒకటి ఆగిందని కరెంటు తీగ సరిచేయబోయి, అక్కడే పోయాడు. అప్పుడు నేను లోపలి ఊళ్ళో చేపలు అమ్ముతూ ఉన్నాను. గంపలో సగం కానాగంతలు ఇంకా ఉన్నాయి. ఒకావిడ బేరమాడుతూ ఉంది. ఆటో అతను వచ్చి, అక్కా ఎక్కు, ఇంటికి పోవాలి అన్నాడు. ఎందుకని అడిగితే చెప్పలేదు. గంప ఒళ్ళో పెట్టుకుని వచ్చాను. ఇంటి ముందు జనం. ఆ గంప నా చేతుల్లోంచి ఎవరు తీసుకున్నారో, ఆ చేపలు ఏమయ్యాయో ఇప్పటికీ నాకు తెలియదు.

పిల్లలు లేరు మాకు. ఇంట్లో మిగిలింది నేనూ, ఆయన అక్కా. మొగుడు వదిలేస్తే పుట్టింటికి వచ్చి మాతోనే ఉండిపోయిన మనిషి. నాకు వదిన. పొయ్యి ఆమెది, గంప నాది. గంప ఎత్తడం ఆమెకు నామోషీ. వీధిలో నిలబడి చేపలో చేపలో అని అరిచే గొంతు దేవుడు తనకివ్వలేదనేది. ఇంట్లో అరవడానికి మాత్రం ఇచ్చాడు.

ఆయన పోయిన మరుసటి ఎండాకాలం మెడ మొదలైంది. ముందు కనిపెట్టింది వదినే. కనిపెట్టడం కాదు, తప్పు పట్టింది.

"ఏందిమే, నేను మాట్లాడతా ఉంటే మొగం అట్టా తిప్పుకుంటుండావు? నేనేం చేసినాను నిన్ను?"

నేనేం తిప్పుకోలేదన్నాను. మళ్ళీ తిరిగింది. ఆమె లేచి పోయింది. కొన్నాళ్ళు మాకు మాటల్లేవు. ఆ కొన్నాళ్ళలోనే నేను అద్దం ముందు దువ్వుకుంటూ చూశాను. పాపిడి తీయబోతే పాపిడి నాకు అందకుండా పోతోంది. అప్పుడు భయమేసింది.

అమ్మకానికి పోయిన చోట ఇంకో తమాషా. ధర చెప్పగానే తల పక్కకు పోయేది. కొనేవాళ్ళకు అది వేరేగా తోచేది. ఇంతకు తగ్గదు, కొంటే కొనండి లేకపోతే పొండి అన్నట్టు. కొందరు జడిసి నేను అడిగినదానికే తీసుకునేవాళ్ళు. ఒక ముసలమ్మ మాత్రం అరుగు మీద నుంచి లేచి వచ్చి తిట్టింది. "ఏం పొగరు మే నీకు, బేరమాడితే మొగం తిప్పుకుంటుండావు? సముద్రం మీ తాత తవ్వించినాడా ఏంది?" చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వితే మెడ ఇంకా బిగిసింది.

చిత్రం ఏమిటంటే, చుట్టకుదురు వేసుకుని గంప నెత్తికెత్తుకున్నంతసేపు మెడ నిటారుగా ఉండేది. దించానా, తిరిగేది. బరువుకు జడిసి నిలబడుతుందేమో అనుకున్నాను. కానీ నొప్పి గంప కింద కూడా ఉండేది. రాను రాను గంప ఎత్తేటప్పుడు, దించేటప్పుడు కళ్ళ ముందు చీకట్లు కమ్మేవి. గడప ముందు కూలబడితే కొనేవాళ్ళే నీళ్ళిచ్చేవాళ్ళు.

ఇంకొక చోట కూడా మెడ బాగుండేది, చర్చిలో. ముసుగు వేసుకుని కూర్చుని వాక్యం వింటున్నంతసేపు అందరిలాగానే ఎదురుగా చూసేదాన్ని. ప్రార్థన బలమని ఆడవాళ్ళు నమ్మారు. సాక్ష్యం చెప్పమని నన్ను లేపారు కూడా. లేచాను, దేవుడికి వందనాలు అన్నాను, కూర్చున్నాను. ఇంటికొచ్చి ముసుగు తీయగానే గడ్డం భుజమెక్కింది. వదిన చూసి, "దేవుడి కాడ మంచిదానివే, నాకాడికొస్తేనే నీ మెడ తిరగతాది" అంది. అప్పటికి మా మాటలు కలిశాయి. ఆ మాట ఎగతాళికి అన్నదే అయినా, రోజూ తల పట్టుకుని కొబ్బరినూనె రాసింది ఆమే.

బెణుకు తీసేవాడి దగ్గరికి పోయాము. అతను ఒక్క తిప్పు తిప్పితే మూడు ఊళ్ళు కనపడ్డాయి. పసరు కట్టారు. మా ఊరి ఆరెంపీ డాక్టరు సూదులు వేసి వేసి, ఇది నా చేతిది కాదమ్మా, పెద్దాసుపత్రికి పో అన్నాడు. పోయాను.

పెద్దాసుపత్రిలో నరాల డాక్టర్ల గదుల వైపు పంపారు. అక్కడొక చిన్న డాక్టరమ్మ ఉంది. నేను ఏమీ చెప్పకముందే నా మెడ చూసి, ఈ జబ్బుకు పేరుంది, ఇది దయ్యమూ కాదు, బెణుకూ కాదు, మెదడు పంపే కబురులో తేడా అంది. నాకెంత ఊరటో చెప్పలేను. అప్పటిదాకా ఒక్కరూ దానికి పేరుందని చెప్పలేదు. కండలోకి పొడిచే సూది ఒకటి ఉందట. మెడను వదులు చేస్తుందట. కానీ అది కొన్ని నెలలకొకసారి జీవితమంతా పొడిపించుకోవాలి, ఈ ఆసుపత్రికి అది ఎప్పుడొస్తుందో ఎప్పుడు రాదో తెలియదంది. తరవాత పరిశోధన సంగతి చెప్పింది.

నొప్పి తగ్గించడానికి కొత్తగా ఒక బిళ్ళ తయారు చేశారు. వేరే నొప్పులకు ఇచ్చి చూస్తున్నప్పుడు, మెడ తిరిగే జబ్బు ఉన్న ఒకరిద్దరికి ఆ తిరగడం కూడా తగ్గినట్టు కనిపించిందట. అది నిజమో కాదో తేల్చాలి. మందు మింగక ముందు ఒక వీడియో తీస్తారు. మింగుతూ ఉండగా పిలిచి మళ్ళీ తీస్తారు. వేరే ఊళ్ళో ఉన్న డాక్టర్లు ముందుదీ వెనకదీ పక్కపక్కన పెట్టి మెడ ఎంత తిరిగిందో మార్కులు వేస్తారు. తిరగడం ఎక్కువైనట్టు తేలితే మందు ఆపేస్తారు. అది మీ మంచికే అంది. బయట ఎక్కడా ఈ బిళ్ళ కొనడానికి దొరకదు అని కూడా అంది.

బెల్లం బిళ్ళలిచ్చి ఏమారుస్తారని మా వదిన చెప్పింది, అట్లాంటిదేమైనా ఉందా అని అడిగాను. ఆ పిల్ల నవ్వింది. కొన్ని పరిశోధనల్లో సగం మందికి ఉత్తుత్తి బిళ్ళలిస్తారు, ఇందులో మాత్రం అందరికీ అసలు మందే అంది. నాకు సంతకం వరకు వచ్చు. కాగితాలన్నీ చదివి వినిపించాక చేశాను. మెడ సంగతి నాకు పట్టలేదు. నాకు నొప్పి పోతే చాలు. ఆ మాట ఆమెకు అప్పుడే చెప్పాను.

అంతలో ఆమెను వార్డులోకి పిలిచారు. వీడియో గదిలోకి నేను ఒక్కదాన్నే పోయాను. లోపల పెద్ద డాక్టరు గారు, కెమెరా సర్దే మనిషి. పెద్దాయన నెరిసిన జుట్టు మనిషి, నెమ్మదైన మాట. అట్లాంటి మనిషి ముందు, మొగుడు పోయి ఏడాది తిరిగిందో లేదో అన్నట్టున్న నేను, తల మీద చెంగు లేకుండా ఎట్లా కూర్చుంటాను? పాస్టరు గారి ముందు కూర్చున్నట్టే చెంగు తల మీదికి లాక్కున్నాను. ముసుగు జారకుండా లోపలి నుంచి అంచును వేళ్ళతో దవడ దగ్గర పట్టుకున్నాను. మా ఆడవాళ్ళందరం అట్లాగే పట్టుకుంటాము. వేళ్ళు చెంపకు ఆనుకుని ఉంటాయి. పైకి కనపడవు.

ఆయన, "మామూలుగా కూర్చోండమ్మా" అన్నాడు.

నేను మామూలుగానే కూర్చున్నాను. నాకు అదే మామూలు.

ఎదురుగా చూడమన్నారు, చూశాను. కళ్ళు మూసుకోమన్నారు, మూసుకున్నాను. కుడికి చూడమన్నారు, కొంచెం కష్టపడి చూశాను. వీడియో అయిపోయింది. తిరుగుడు తక్కువే ఉంది, నొప్పి మాత్రం ఎక్కువ చెబుతోంది అని ఆయన కెమెరా మనిషితో అన్నాడు. నాకు లోపల రోషం వచ్చింది. ఇంత తిరుగుతుంటే తక్కువంటాడేమిటి అనుకున్నాను. పెద్దవాళ్ళకు ఎదురు చెప్పడం ఎందుకని ముసుగు ఇంకొంచెం గట్టిగా పట్టుకుని బయటికి వచ్చాను.

మందు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. మొదట్లో నోరు ఎండిపోయేది, కూర్చున్నచోటే కునుకు పట్టేది. వదిన నన్ను తట్టి తట్టి చూసేది, బతికుందా లేదా అని. తరవాత ఒక పొద్దున చద్దన్నం తింటూ ఉన్నాను. తింటూ తింటూ ఆగిపోయాను. ఏదో తప్పిపోయినట్టు అనిపించింది. ఏం తప్పిపోయిందో వెంటనే తెలియలేదు. చెయ్యి మెడ మీదికి పోయింది. మోకు వదులైంది. నరం మెత్తగా, మనిషి మెడలోని నరంలాగే ఉంది. మెడ తిరుగుతూనే ఉంది, ఎడమ భుజం వైపు ఎప్పటిలాగే. కానీ తిరగడం, నొప్పి, రెండూ రెండు వేరే వస్తువులని నాకు అప్పుడే తెలిసింది.

"వదినా, నొప్పి లేదు" అన్నాను.

ఆమె నమ్మలేదు. దగ్గరికొచ్చి బొటనవేలితో గట్టిగా నొక్కింది. నేను అరవలేదు. అప్పుడు కూర్చుని ఆమె ఏడ్చింది. నేను ఏడవలేదు, నాకు అన్నం రుచిగా ఉంది.

అప్పుడే వానలు పట్టాయి. మా వైపు వానలంటే తుపానుతోనే వస్తాయి. సముద్రం ఎర్రగా మారి పడవలన్నీ ఒడ్డున బోర్లా పడుకుంటాయి. పచ్చి చేప ఉండదు. ఎండు నెత్తళ్ళు, ఎండు సావడాయిలు గంపలో వేసుకుని, పైన ప్లాస్టిక్ పట్ట కప్పుకుని తిరిగాను. కూలబడలేదు. ఎవరినీ నీళ్ళడగలేదు.

ఆ వానల్లోనే ఇంకొకటి జరిగింది. ఇది నేను డాక్టర్లకు చెప్పలేదు, వాళ్ళు అడగలేదు. ఒక సాయంత్రం కరెంటు పోయి ఫ్యాను ఆగింది. ఫ్యాను ఆగితే మా ఆయన ఎంత గాఢంగా నిద్రపోతున్నా లేచి కూర్చునేవాడు, గుంటలో ఏరేటరు ఆగిందనుకుని. చెప్పులు వెతుక్కునేదాకా తెలివి వచ్చేది కాదు. ఇల్లయ్యా, ఇది ఇల్లు, పడుకో అంటే సిగ్గుపడి పడుకునేవాడు. ఆ సాయంత్రం ఫ్యాను ఆగగానే, ఆయన లేచి చెప్పుల కోసం కాలితో నేలంతా తడుముకోవడం నాకు కళ్ళకు కట్టినట్టు కనిపించింది. ఆయన పోయిన తరవాత అట్లా కనిపించడం అదే మొదలు. అప్పటిదాకా నేను ఆయన కోసం సరిగా ఏడవలేదని అప్పుడు తెలిసింది. సమాధి దగ్గర ఏడ్చాను, అది అందరూ చూస్తుండగా ఏడ్చే ఏడుపు. తరవాత మెడ పట్టుకుంది. నొప్పిలో ఉన్న మనిషికి నొప్పి ఒక్కటే చుట్టం. ఇంకెవర్నీ గడప తొక్కనివ్వదు. మొగుణ్ణి కూడా.

ఆ వానాకాలమంతా ఆయన వస్తూనే ఉన్నాడు. పులుసులో చింతపండు ఎక్కువైందని మూతి ముడవడం. నా గంపకు కుదురు తనే చుట్టి ఇవ్వడం. అలిగినప్పుడు నాతో మాట్లాడకుండా రొయ్యల గుంటతో మాట్లాడటం, నాకు వినపడేటట్టు. తలుచుకుని తలుచుకుని ఏడ్చాను. బాధగానే ఉండేది. కానీ అది నాకు కావలసిన బాధ.

మళ్ళీ వీడియోకు పిలిచినప్పుడు పెద్ద డాక్టరు లేడు. చిన్న డాక్టరమ్మే తీసింది. ఆడపిల్ల, నాకు చనువైంది, ముసుగు ఎందుకు? పైగా తడిసిన చెంగు. భుజం మీద ఆరేసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. మెడ తన ఇష్టమొచ్చినట్టు తిరిగింది. నొప్పి ఎట్లా ఉందని అడిగితే, లేదమ్మా, లేనే లేదు అని చెప్పాను. ఆమె సంతోషపడి రాసుకుంది. తరవాతిసారి కూడా అట్లాగే తీశారు.

ఆ తరవాత ఫోను వచ్చింది. మందు సీసా తీసుకుని రమ్మన్నారు.

పెద్ద డాక్టరు గారి గదిలో కూర్చోబెట్టారు. ఆయన కోపంగా లేడు. మీకు ఈ మందు పడటం లేదమ్మా, మెడ తిరగడం చాలా ఎక్కువైంది, మార్కులు వేసినవాళ్ళు ఆపేయమన్నారు అన్నాడు. సీసా ఇచ్చేయమన్నాడు. నాకు మొదట అర్థం కాలేదు. ఎక్కువెక్కడైంది సార్, ఎప్పుడూ ఇంతే కదా అన్నాను. నాకు చూపించమని ఆయన చిన్న డాక్టరమ్మకు చెప్పాడు. ఆమె కంప్యూటరు నా వైపు తిప్పి రెండు వీడియోలు పక్కపక్కన పెట్టింది.

ఒక దాంట్లో నేను ముసుగులో, బొమ్మలాగా ఎదురుగా చూస్తూ ఉన్నాను. రెండో దాంట్లో ఒక ఆడది భుజం మీదికి గడ్డం విరుచుకుని, ఒక కన్ను తెల్లగుడ్డు కనపడేటట్టు, మూతి పక్కకు లాగి కూర్చుని ఉంది. నన్ను నేను అట్లా ఎప్పుడూ చూసుకోలేదు. అద్దంలో చూసుకునేటప్పుడు మనం సర్దుకుంటాము. తిట్టిన ఆ ముసలమ్మ తప్పేమీ లేదనిపించింది.

చిన్న డాక్టరమ్మ మొదటి వీడియో దగ్గర ఆపి, చాలాసేపు చూసింది. తరవాత నా వైపు తిరిగి, ఆరోజు మీ చెయ్యి ఎక్కడుందమ్మా అని అడిగింది. ముసుగు పట్టుకుని ఉన్నానన్నాను. ఎట్లా పట్టుకున్నారో చూపించమంది. చెంగు తల మీదికి లాక్కుని, వేళ్ళు దవడకు ఆనించాను. పెద్దాయన ముందుకు వంగి చూశాడు. నాకు కూడా తెలిసింది. మెడ దానంతట అదే వచ్చి ఎదురుగా నిలబడింది. చెయ్యి తియ్యమంది. తీశాను. పోయింది. మళ్ళీ పెట్టమంది. వచ్చింది.

ఈ జబ్బులో చాలామందికి ఇట్లా ఉంటుందని ఆమె చెప్పింది. చెంప మీదో, గడ్డం మీదో, నడినెత్తి మీదో ఏదైనా తగిలితే మెదడు కాసేపు మోసపోతుంది, కబురు సరిగా పంపుతుంది. అంటే గంప కింద నిలబడింది అందుకు. చర్చిలో నిలబడింది అందుకు. మందు మింగక ముందు తీసిన వీడియోలో మెడను నిలబెట్టింది నా వేళ్ళు. తరవాతి వాటిలో ఉన్నదే నా అసలు మెడ. మందు దాన్ని పెంచలేదు, తగ్గించలేదు.

నేను పెద్ద డాక్టరు గారి వైపు తిరిగాను. తిరగడానికి కూడా చెంప పట్టుకోవలసి వచ్చింది.

"అయితే మందు తప్పు లేదు గదా సార్. ముసుగుది గదా."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "కావచ్చునమ్మా. నేనూ గమనించలేదు, లోపల చెయ్యి ఉందని. కానీ ముందు ఎంత తిరిగేదో చూపించడానికి నా దగ్గర ఆ ఒక్క వీడియోనే ఉంది. ఇప్పుడు తీస్తే అది మందు మింగిన తరవాతది అవుతుంది. మందు వల్ల నిజంగానే పెరిగి ఉంటే? రేపు మెడ అసలు వెనక్కి రాకపోతే?"

"తిరిగితే తిరగనీండి సార్. నా మెడ ఎవురికి కావాల? నాకు నొప్పి లేదు. ఆ బిళ్ళ ఒకటి ఇస్తా ఉండండి, నేను ఎవుర్నీ అడగను, ఎవురికీ చెప్పను."

"ఈ పరిశోధన మెడ కోసమమ్మా" అన్నాడు. "నొప్పి తగ్గిందని మీరు చెప్పింది రాసుకున్నాము. కానీ ఆపమని నియమం ఉంటే నేను ఆపాలి. మీ ఒక్కరికని నేను దాటితే, ఇంకొకరికి నిజంగా చెడు జరిగిన రోజు కూడా దాటుతాను."

  ఆయన చెడ్డవాడైతే నాకు తేలికగా ఉండేది, శాపనార్థాలు పెట్టి బస్సెక్కేదాన్ని. సీసా బల్ల మీద పెట్టాను. చిన్న డాక్టరమ్మ నన్ను బయటిదాకా తీసుకొచ్చింది. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు. నేనే ఆరోజు గదిలో ఉండి ఉంటే చెయ్యి తియ్యమని చెప్పేదాన్నమ్మా అంది. పోనీలే తల్లీ అన్నాను. ఇంకేమంటాను.

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. దారిలో కరెంటు ప్లాంటు పొగ గొట్టాలు కనపడేదాకా నా బుద్ధి ఒక్క చోటే తిరిగింది. వాళ్ళు ఈ పరిశోధన అంతా ఒక పుస్తకంలో రాస్తారు కదా. మందు వల్ల చెడిపోయినవాళ్ళ లెక్కలో నన్ను రాస్తారు కదా. నా మాదిరి నొప్పితో ఉన్న ఇంకొక ఆడది ఎక్కడో ఉంటుంది. ఈ మందు మంచిది కాదని ఆమెకు ఇవ్వరు. ఆమెకు నేను తెలియదు, నాకు ఆమె తెలియదు.

మందు ఒంట్లోంచి వెంటనే పోలేదు. కొన్నాళ్ళు ఉంది. ఆ కొన్నాళ్ళూ నేను పొద్దున లేవగానే మెడ నొక్కి చూసుకునేదాన్ని, బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి చూసుకున్నట్టు. మోకు కొంచెం కొంచెంగా బిగిసింది. ఒకరోజు, గడప ముందు గంప దించుతుంటే, పాత పోటు మొత్తం ఒక్కసారిగా వచ్చింది. నేను గంప మీదే పడ్డాను. చేపలన్నీ మట్టిలో. కొనడానికి వచ్చినామె వాటిని ఒక్కొక్కటే ఏరి, కడిగి, గంపలో వేసింది. ఒక్క చేప కూడా కొనలేదు, అడగడానికి నాకు నోరు రాలేదు.

ఆరోజు నుంచి నేను గంప ఎత్తలేదు.

రెండు రోజులు చూసి వదిన లేచింది. చీర కుచ్చిళ్ళు ఎగ్గట్టుకుని, నా గంప, నా కుదురు తీసుకుని రేవుకు పోయింది. ఆమె వయసుకు మొదటిసారి. మధ్యాహ్నానికి సగం చేపలతో తిరిగొచ్చి, గంప నేల మీద పడేసి, కొనడానికి వచ్చినవాళ్ళందరినీ వంశాలతో సహా తిట్టింది. కవళ్ళ చేపలను పట్టుకుని ఇవి నిన్నటివా అని అడిగిందట ఎవరో.

"నిన్నటిది నీ మొగమని చెప్పినాను" అంది.

"కొన్నదా మరి?"

"కొంటాదా? తలుపేసుకునింది." కాళ్ళు చాపుకుని కూర్చుంది. "రేపు ఇంగో వీధికి పోతా. ఆ వీధికి పోను."

పోయింది. ఇప్పుడు రోజూ పోతోంది. నేను ఇంట్లో గోడకు తల ఆనించి కూర్చుని చేపలు ఎండబెడతాను, పొలుసు తీస్తాను, పొయ్యి చూసుకుంటాను. చెంప మీద చెయ్యి పెట్టుకుంటే మెడ నిలబడుతుంది, అది ఇప్పుడు తెలుసు. కానీ ఒక చెయ్యి చెంపకిస్తే పని ఒక చేత్తోనే. నొప్పి దానితో పోదు.

చిన్న డాక్టరమ్మ ఒకసారి ఫోను చేసింది. పరిశోధన ముగిసిందట. మెడ తిరగడం మీద ఆ మందు పెద్దగా పని చేయలేదని రాశారట. నా లెక్క ఏమని రాశారు అంటే, ఎక్కువైనవాళ్ళలోనే రాశారమ్మా, నియమం ప్రకారం అంది. ముసుగు సంగతి రాశారా అని అడిగాను. రాయమని తాను అడిగిందట. చోటు లేదన్నారట.

నాకు ఎక్కువ కష్టంగా ఉన్నది అది కాదు. మా ఆయన మళ్ళీ రావడం లేదు. ఫ్యాను ఆగుతూనే ఉంటుంది, మా వైపు కరెంటు తీరు అంతే. ఆగినప్పుడు తలుచుకోవాలని చూస్తాను. ఆయన లేవడం దాకా వస్తుంది. చెప్పుల కోసం కాలు చాపేలోపల పోటు పొడుస్తుంది, ఆయన పోతాడు. ముఖం నిలవదు. వానల్లో అన్ని రోజులు నా దగ్గర కూర్చున్న ముఖం.

వదినతో ఒకరోజు ఈ మాట అన్నాను. సాయంత్రం, ఆమె నా వెనక కూర్చుని నూనె రాస్తోంది.  రాస్తూనే ఒక సంగతి మొదలుపెట్టింది. తమ్ముడు చిన్నప్పుడు ఇసుకలోంచి తాబేలు పిల్లలను చొక్కాలో పోసుకుని ఇంటికి తెచ్చాడట. తాగే నీళ్ళ తొట్టిలో వేశాడట. నేను ఎప్పుడూ వినలేదు ఆ సంగతి, ఆయన చెప్పలేదు. అమ్మ నీళ్ళు ముంచబోయి చూసి కేక పెట్టిందట. చీపురు పట్టుకుని వాకిట్లోకి తరిమిందట. అప్పుడు వాడు ఏం చేసినాడో తెలుసునా అని వదిన అడిగింది.

అక్కడ పోటు వచ్చింది. చెవుల్లో సముద్రం హోరు. తగ్గేసరికి వదిన నవ్వుతోంది, కథ అయిపోయింది.

మళ్ళీ చెప్పు వదినా అన్నాను. చెప్పింది. తాబేళ్ళు, చొక్కా, తొట్టి, అమ్మ కేక, చీపురు. రెండోసారి కూడా అక్కడికి వచ్చేసరికి నొప్పి ముందుకొచ్చి నిలబడింది. ఆమె అరిచేతిలో నూనె అయిపోయింది, లేచి లోపలికి పోయింది. వాకిట్లోకి తరిమితే ఆ పిల్లవాడు ఏం చేశాడో నాకు ఇంకా తెలియదు.